గాజుపెట్టెలో బంతి

లెనర్డ్ కూబియాక్ ఇంట్లో పెళ్లి ఫోటో మెట్ల కింద ఉంటుంది. హాలు గోడ నిండా బేస్‌బాల్ ఆటగాడు రాయ్ టెన్నెంటే. రాయ్ చెమట టోపీ, విరగ్గొట్టిన బ్యాటు, ఆఖరికి నమిలి ఉమ్మిన గింజల తొక్కలు కూడా సీసాలో ఉన్నాయి. తెల్లటి చేతితొడుగులు లేకుండా లెనర్డ్ వాటిని ముట్టడు; అంట్లయితే తొడుగులున్నా ముట్టడు. లేనిదల్లా రాయ్ గ్యాలరీలోకి కొట్టిన హోమ్‌రన్ బంతే. ఈ ఏడు రాయ్ లెనర్డ్ ఊరి జట్టు షికాగోని వదిలి పరాయి జట్టులో చేరాడు. ఆదివారం షికాగో మైదానంలో అతను కొట్టిన హోమ్‌రన్ బంతి ఎగిరొచ్చి సరిగ్గా గ్యాలరీలో ఉన్న లెనర్డ్ ఒళ్లో పడింది. అవతలి జట్టువాడి బంతిని తిరిగి మైదానంలోకి విసిరెయ్యడం అక్కడి ఆచారం. "విసిరెయ్‌రా బట్టతలా!" అని గ్యాలరీ అంతా గోల. ఇలాంటి రోజు కోసమే లెనర్డ్ కోటు జేబులో ఎప్పుడూ ఓ పాత బంతి ఉంటుంది. అసలుది అదే జేబులో దోపి, గబగబా బంతి తీసి విసిరేసి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చాడు.

బంతిని గాజుపెట్టెలో పెట్టి భార్య డొలోరెస్‌ని పిలిచాడు. ఆమె కళ్లజోడు సర్దుకుంది.

"ఏమయ్యా, రాయ్ బ్యాటుకి కోరలున్నాయా? ఇవి మన కుక్క పళ్ల గాట్లు! అసలుదాన్నే విసిరేసొచ్చావా?"

కుక్క బంతిని గుర్తుపట్టి తోక ఊపింది. లెనర్డ్ తొడుగులు వేసుకుని, గాట్లున్న వైపు గోడకి తిప్పాడు.

"ఎవరైనా వచ్చినప్పుడు నోరు మూసుకుని ఉండు," అన్నాడు, కుక్కతో.