మనవడి పేరు కోసం నడక పందెం

మా రోజుల్లో నడిస్తే ఏదో ఒక ఊరు వచ్చేది. బెల్లంకొండలో పెళ్ళి ఉంటే నడిచి బెల్లంకొండే చేరేవాళ్ళం, భోంచేసి తిరిగొచ్చేవాళ్ళం. ఇప్పుడు మాచవరం రోడ్డు మీదే అటూ ఇటూ తిరిగి ఫోన్లో శ్రీశైలం చేరుతున్నారు (దర్శనం మాత్రం ఎవరికీ అయినట్టు లేదు). బడి మొహం చూడకుండా పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్న నేను కూడా ఆ ఉచ్చులో పడ్డానంటే అది మా కోడలి తెలివి.

రెండేళ్ళ కిందటి చలికాలంలో మనవడు పుట్టాడు. వాడికి మా నాన్న పేరు పెట్టాలని నేను, తన తండ్రి పేరే పెట్టాలని మా వియ్యంకుడు. ఆయనా మా ఊళ్ళోవాడే. పంచాయతీకి రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ ఓడిపోయి, ఉపన్యాసం మాత్రం ఇంకా ఆపని మనిషి. పుట్టింట్లో పురిటి మంచం మీదున్న కోడలు మా గొడవ భరించలేక ఇద్దరి చేతులకూ చెరో వాచీ కట్టించింది. మేం ఊళ్ళో నడిచేకొద్దీ ఆమె ఫోన్లో మా బొమ్మలు శ్రీశైలం దారిలో నడుస్తాయట. బారసాల లోపు ఎవరి బొమ్మ ముందు చేరితే వాళ్ళ నాన్న పేరు. ఎవరు ముందున్నారో మధ్యలో చెప్పేది లేదు.

నేను ప్రాణం పెట్టి నడిచాను. బారసాల ముందు ఆదివారం, ఎదుటి మనిషి కనపడని మంచులో, రగ్గు కప్పుకుని, తలకు మఫ్లరు చుట్టుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కాలవ దాకా పోయి వచ్చాను. ముక్కు ఉందో ఊడిందో తెలియలేదు. తిరిగొస్తుంటే మా వియ్యంకుడు టీ కొట్టు బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ గాల్లో తిప్పుతూ పాత ఎన్నికల్లో తనను ఎవరెవరు ముంచారో చెబుతున్నాడు. ఈయన రోజూ ఇక్కడే కూర్చుంటున్నాడన్నమాట, ఇంక పేరు మాదేనని లోపల మురిసిపోతున్నాను. అంతలో ఆయన వాచీ గుర్రుమంది. శ్రీశైలం వచ్చేసిందట.

తిన్నగా కోడలి మంచం దగ్గరే పంచాయతీ పెట్టాను. ఫోన్లో నా బొమ్మ ఇంకా మాచర్లలోనే నిలబడి ఉంది.

"మీరెట్టా నడుస్తారో ఒకసారి నడవండి మామయ్యా" అంది.

రగ్గుతో సహా నడిచి చూపించాను. బాలింతరాలు, గట్టిగా నవ్వకూడదు, అయినా నవ్వింది.

"చెయ్యి ఊగితేనే ఆ వాచీకి అడుగని తెలుస్తది. మీరు చేతులు కట్టేసుకుంటిరి. మా నాయనకు కూర్చున్నా చేతులు ఆగవు."

"చేతులు ఊపుకుంటా నడవడానికి నేనేమన్నా కవాతు చేసే పోలీసునా?" అని నా బాధ నేను చెప్పుకున్నాను.

"పందెమంటే పందెమే బావగారూ" అన్నాడు వియ్యంకుడు, మళ్ళీ చెయ్యి ఊపుతూ.

అలా వాళ్ళ నాన్న పేరే పెట్టారు. నేను కొన్నాళ్ళు అన్నం సరిగా తినలేదు. ఇప్పుడు మనవడికి కాళ్ళొచ్చాయి, అల్లరీ వచ్చింది. పొద్దస్తమానం వాణ్ణి "ఒరేయ్" అని ఆ పేరు పెట్టి వీధి వినపడేలా పిలుస్తుంటాను. మా వియ్యంకుడు పక్కనే ఉంటే ఇంకొంచెం గట్టిగా. "ఒరేయ్, చెడ్డీ వేసుకోరా" అన్నప్పుడల్లా ఆయన టీ గ్లాసు కింద పెట్టి ఎటో చూస్తాడు. తండ్రి పేరు, ఏమనగలడు? ఆ పందెం నేనే గెలిచి, మా నాన్నను ఆయన రోజూ అలా చెడ్డీ వేసుకోమంటుంటే నా గతేమయ్యేదో. ఆ మంచులో పంతంగా పోయిన ఆ రగ్గు మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.