అక్క కళ్ళ మీద నా కుళ్ళు

మా చర్చిలో ఇరవై ఏళ్ళు ఆదివారం వాక్యం చదివింది నేనే. ఆ పని మా తోడికోడలి చేతికి పోయింది. ఆమె నాకన్నా ఐదేళ్ళు పెద్దది, డెబ్బై మూడు. అక్కా అని పిలుస్తాను.

మొదట నాకు అక్షరాల వరసలు వంగినట్టు కనిపించాయి. అద్దాలు పాతబడ్డాయనుకున్నాను. తర్వాత ఏ మాట చూస్తే ఆ మాట మీదే మసక, చుట్టూ అంతా బాగానే ఉండేది. ఎదురొచ్చే మనిషి చీర తెలిసేది, మొహం తెలిసేది కాదు. నెల్లూరులో కంటి డాక్టరమ్మ, వయసు వల్ల కంటి వెనక పొర నడిమి భాగం అరిగిపోతోందని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదంట. ఇంకా పాడవడం నెమ్మదించేందుకు మాత్రలు రాసి, ఆకుకూరలు, చేపలు తినమంది. రోజూ ఒక్కో కన్ను మూసుకుని గళ్ళ కాగితం చూడమని, గీతలు ఇంకా వంకరపోతే వెంటనే రమ్మని చెప్పింది.

తోడు వచ్చిన అక్క తన కళ్ళూ చూపించుకుంది. ఏ లోపమూ లేదన్నారు. నాకు సంతోషం కలగలేదు. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే కుండలో కూడు తిన్నాం. పళ్ళెంలో మునగాకు నేను పక్కకు తీస్తే, అది కూడా ఆమే తినేది. అందుకే ఆమె కళ్ళు నిలిచాయని కుళ్ళుకున్నాను. డాక్టరమ్మ అలా అనలేదు. నేనే అనుకున్నాను.

ఆమె చర్చిలో కూడబలుక్కుంటూ చదువుతుంటే, ఎక్కడ తప్పు పోతుందా అని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. అదే మనిషి నా కోసం రోజూ పొన్నగంటాకు పప్పు చేసి తెచ్చేది. ఆమె వాకిలి దాటగానే కోళ్ళకు వేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం గిన్నె కోసం వెనక్కి వచ్చింది. కోళ్ళు పప్పు తింటున్నాయి. ఆమె మొహంలో ఏముందో నాకు కనపడలేదు. భయమేసింది.

"కోపమొచ్చిందా అక్కా?" అన్నాను.

ఆమె గట్టు మీద కూర్చుంది. "నువ్వు చదివినన్నాళ్ళూ నేను కుళ్ళుకోలేదనుకున్నావా?" అంది. "నాకు అక్షరాలు రావని పెళ్ళైన కొత్తలో నువ్వు నవ్వినావు. యాభై ఏళ్ళు దాటినాక మనవరాలి వాచకం పెట్టుకుని నేర్చుకున్నా. నువ్వు నిలబడే చోట ఒక్కసారి నిలబడాలని."

నేను నవ్విన సంగతి నాకు గుర్తే లేదు. ఆమెకు యాభై ఏళ్ళుగా గుర్తుంది. తప్పయిందని చెప్పాను. ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ పప్పు తెచ్చింది. తిన్నాను. అప్పటినుంచి శనివారం సాయంత్రాలు ఆమె చదువుతుంది, తప్పు పోయినచోట నేను అందిస్తాను. సగం వాక్యాలు నాకు కంఠతా వచ్చు. గళ్ళ కాగితంలో గీతలు పోయిన ఏడాది ఎంత వంగాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి.

మొన్న ఆదివారం ఆమె ఒక్క తప్పూ లేకుండా చదివింది. పాస్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నా కడుపు మండింది. ఇంటికి నడిచేటప్పుడు ఆ మాట ఆమెకే చెప్పేశాను.

"మండనీ" అని నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.