రెండో డోసు తర్వాత అమ్మ జడ

రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని నేను. రోజూ నిడదవోలు నుంచి వెళ్లివస్తాను. కరోనా వార్డులో డ్యూటీ పడ్డాక మా ఇంట్లోనే మేడమీద గదిలో వేరుగా ఉన్నాను. కింద అమ్మ, నాన్న. అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, పైగా ఉబ్బసం. నా నుంచి సోకితే తట్టుకోలేదని నాకు తెలుసు.

ఆ చెయ్యి పడిపోయినప్పటి నుంచి అమ్మకి జడ వేసేది నేనే. నేను మేడెక్కాక ఆ పని నాన్న మీద పడింది. పొలం పనుల మనిషి, గడ్డిమోపు కట్టినట్టు బిగించేవారు. అమ్మ నొప్పికి మూలిగేది. నాకసలే నోరెక్కువ, పిట్టగోడ మీంచి ఆయన్ని కేకలేసేదాన్ని. పాపం, ఆయన దువ్వెన పక్కన పెట్టేసేవారు.

రెండో డోసు వేయించుకున్న కొన్నాళ్లకి ఇక భయం లేదనుకున్నాను. ఓ ఆదివారం తలారా స్నానం చేసి కిందికి దిగి, కొబ్బరినూనె గిన్నె పట్టుకుని అమ్మ వెనకాల కూర్చున్నాను. చిక్కు తీసేసరికే మధ్యాహ్నమైంది. అమ్మ మెడ వంచి, కదలకుండా కూర్చుంది. ఇక అప్పట్నుంచి రోజూ నేనే వేశాను. ఆ రోగకాలంలో నేను సుఖంగా ఉన్న రోజులంటే అవే.

తర్వాత ఆసుపత్రిలో మా అందరికీ రక్తపరీక్ష చేశారు, టీకా బలం ఎంత మిగిలిందో చూడటానికి. నాకు బాగా తగ్గిపోయింది. ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ ఇంజెక్షన్లు వేసేది మేమే, అవి ఎన్నాళ్లు పనిచేస్తాయో మాకే తెలియకపోవడమేంటి? మా డాక్టరుగారు శాంతంగానే చెప్పారు. రక్తంలో అంకె తగ్గినా ఒంటికి గుర్తుంటుందట, జబ్బు ముదరకుండా చాలావరకు కాపాడుతుందట. నన్ను కాపాడుతుంది సరేనండీ, నా నుంచి మా అమ్మని కాపాడుతుందా అని అడిగాను.

ఆవిడ, "ఖచ్చితంగా చెప్పలేనమ్మా," అన్నారు. ఉన్నమాట చెప్పిన మనిషి మీద మాత్రం ఏం కోప్పడతాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మ కంట పడకుండా మేడెక్కబోయాను. తను అప్పటికే వీధి అరుగు మీద, ఒళ్లో దువ్వెన పెట్టుకుని ఎదురుచూస్తోంది. దూరం నుంచే సంగతి చెప్పాను. టీకా బలం తగ్గింది, ఉన్నది ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు, ఇకమీదట మళ్లీ నాన్నే జడ వేస్తారు అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

అమ్మ అవతలివైపు తిరిగిపోయింది. అలిగిందనుకున్నాను. చూస్తే ఎడమచేత్తో తంటాలుపడి మాస్కు తగిలించుకుంటోంది.

"నీకు కనబడేది నా వీపే కదే. ఇక్కడ గాలాడుతోంది. నువ్వూ మాస్కేసుకుని రా," అంది.

రోజూ వార్డు బయట నేను అందరికీ చెప్పే జాగ్రత్తలే అవి. ఆ ఉదయం చేసిన టెస్టులో నాకు కరోనా లేదనే వచ్చింది. అయినా భయపడుతూనే వెళ్లి వెనకాల కూర్చున్నాను.

"రోజూ కుదరదమ్మా. ఇంకో డోసు వేసేదాకా, వారానికోసారి టెస్టు చేసి లేదన్న రోజే," అన్నాను.

అమ్మ మెడ వంచి జుట్టు నా చేతికి అందేలా జరిగింది.

"అయితే గట్టిగా అల్లు. వారం నిలవాలి."