తెర వెనక ఓటు

1947 వేసవిలో సహకార శాఖలో జూనియర్ ఇన్‌స్పెక్టరుగా నన్ను బెజవాడకు బదిలీ చేశారు. చేరిన కొద్ది రోజులకే బందరు కాలవ వెంబడి ఉన్న ఒక ఊళ్లో చేనేత సంఘం ఎన్నిక జరిపించే పని అప్పగించారు. నూలు మీద కంట్రోలు ఉన్న కాలమది. మగ్గానికి ఇంతని వచ్చే నూలును సంఘం ద్వారానే పంచాలి. పంచేది ప్రెసిడెంటు. ఎవరి మగ్గం ఆడాలో, ఎవరిది ఆగాలో ఆయన చేతిలో ఉండేది.

ఏళ్ల తరబడి ఆ పదవిలో ఉన్నది సుబ్బయ్య గారనే బట్టల వ్యాపారి. నేను పిలిచిన సర్వసభ్య సమావేశానికి కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు, లేకపోయింది. వాయిదా వేసి, కారణం కనుక్కుందామని నేత వీధికి వెళ్లాను.

చనిపోయిన భర్త వాటా మీద సభ్యురాలైన వెంకమ్మ మగ్గం గుంటలోంచి లేవకుండానే మాట్లాడింది. పోటీకి నిలబడ్డ నేతగాడు రామలింగం మంచివాడేనట. కానీ తాము వచ్చినా రాకపోయినా గెలిచేది సుబ్బయ్య గారేనట. అందరూ వస్తే అలా ఎందుకవుతుందని అడిగాను.

“చేతులెత్తమంటారు కదండీ. ఎవరెత్తారో ఆయన చూస్తారు. మర్నాడు నూలుకి వెళ్లాల్సింది ఆయన దగ్గరికేనాయె. ఇంక అది నా ఓటెట్టా అవుద్దండీ?” అంది.

చేతులెత్తించడం ఆ సంఘంలో అలవాటే తప్ప నిబంధన కాదు. డిప్యూటీ రిజిస్ట్రారు గారి అనుమతి తీసుకుని రహస్య ఓటింగు పెట్టాను. సంఘం గదిలో అడ్డంగా చీర కట్టించి, వెనక రెండు కుండలు పెట్టించాను. చదువురానివాళ్లకు తెలిసేలా సుబ్బయ్య గారి కుండకు పసుపు, రామలింగం కుండకు నీలిరంగు పూయించాను. తనను అనుమానిస్తున్నానా అని సుబ్బయ్య గారు నిలదీశారు. ఆయన అభ్యంతరం రాసుకున్నాను గాని పద్ధతి మార్చలేదు.

ఈసారి నేత వీధి దాదాపు అంతా వచ్చింది. కుండలో వేయడానికి నేను సంఘం ముద్ర వేసి ఇచ్చిన చీటీ పట్టుకుని వెంకమ్మ తెర వెనక కాస్త ఎక్కువసేపే ఉంది.

సుబ్బయ్య గారే గెలిచారు, కొద్దిపాటి తేడాతో. వెంకమ్మ తిరిగి మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత నూలు పంపిణీ తనిఖీకి వెళ్లాను. అంతకుముందు తన ఇంట్లో పంచే నూలును సుబ్బయ్య గారు సంఘం గదిలో, అందరి ఎదుటా కట్టలు విప్పించి ఇస్తున్నారు. రామలింగానికీ అందరితో సమానంగా అందింది. తనను కాదన్నవాళ్లు సగానికి దగ్గరగా ఉన్నారని ఆయనకు తెలుసు. వాళ్లెవరో తెలియదు.

వెంకమ్మ తన వంతు తీసుకుని నా దగ్గర ఆగింది.

“మళ్లీ ఎన్నిక ఎప్పుడండీ?” అని అడిగింది.

ఆ తరువాత నేను జరిపిన ఎన్నికల్లో సభ్యులు రాని చోట, వాళ్లను తప్పుపట్టే ముందు ఓటు వేయించే పద్ధతిని పరిశీలించాను. చాలాచోట్ల కారణం అక్కడే దొరికింది.