మరలో పడ్డ మాట

మా వీధిలో మెల్లగా మాట్లాడేవాళ్లు లేరు. ఎవరైనా మెల్లగా మాట్లాడుతున్నారంటే కొత్తగా అద్దెకు దిగినవాళ్లయినా అయివుండాలి, మొగుడి మీద అలిగినవాళ్లయినా అయివుండాలి. దీనికంతటికీ కారణం పిండి మర. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా అది గురగురమంటూనే ఉంటుంది. దాని పక్క గదిలోనే నా కుట్టు మిషను. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు తమ నడుం కొలత వీధి చివరిదాకా వినపడేలా అరిచి చెప్పాల్సిందే. సిగ్గుపడ్డవాళ్లకు కుట్టు బిగుతవుతుంది, అది నా తప్పు కాదు.

మర నడిపేదాన్ని వీధంతా మర అత్త అంటారు. నిజంగా ఆమె అత్త అయ్యేది ఒక్కరికే, తమ్ముడి కూతురు పిచ్చుకకి. నేను మాత్రం అక్కా అని పిలుస్తాను. ఆమె తండ్రి పోయినప్పుడు మోటారుతో సహా మర అమ్మేద్దామని చుట్టాలందరూ కూర్చుని తీర్మానం చేశారు. "ఆడదానివి, బెల్టు జారితే ఏం చేస్తావ్?" అని అడిగారట. "మీరేం చేస్తారో అదే చేస్తా. తిట్టుకుంటూ మళ్లీ ఎక్కిస్తా" అందట మా అక్క. అప్పటినుంచీ ఎక్కిస్తూనే ఉంది. ఆ శబ్దంలో ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి పోవడానికి సిద్ధంగా ఉంది. కనుబొమ్మల్లో పిండి లేకుండా ఆమెను నేను చూడలేదు.

అక్క తమ్ముడు లారీ డ్రైవరు. ఇంట్లో ఉండే రోజులకన్నా రోడ్డు మీద ఉండే రోజులే ఎక్కువ. మరదలు బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే చోట పని చేస్తుంది. అందుకని పిచ్చుక మరలోనే పెరిగింది. గోధుమ బస్తాల మీద నిద్రపోయేది. కరెంటు పోయి మర ఆగిందంటే ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. మనిషి చూస్తే పేరుకు తగ్గట్టే పిడికెడు. గొంతు విప్పితే మాత్రం వీధి ఆ చివర కుక్క లేచి నిలబడుతుంది.

మా పేట బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆడపిల్లలకు రెండే దారులు. ఒకటి బట్టల ఫ్యాక్టరీ. రెండోది పెద్ద హైస్కూలు. అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే, ఫీజులు లేవు, కాకపోతే ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. ముందు రాత పరీక్ష, అందులో నెగ్గితే ఇంగ్లీషులో చదివించి, మాట్లాడించి చూస్తారు. వయసు దాటితే మళ్లీ రాయనివ్వరు. అంటే పిచ్చుకకు అదే మొదటిసారి, అదే చివరిసారి. మరదలు ఫ్యాక్టరీలో కూతురి కోసం కుర్చీ ఒకటి అడిగి ఉంచిందని తెలిసి అక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

వీధి మలుపులో మేడ మీద ట్యూషన్ మాస్టారు ఉండేవాడు. పెద్ద హైస్కూలు పరీక్షకు పిల్లల్ని తయారుచేయడంలో ఆయనకు పేరుంది. మాట్లాడేటప్పుడు నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు పెదవులు కదలకుండా మాట్లాడతాడు. అక్క పిచ్చుకను తీసుకుని వెళ్తూ తోడుగా నన్నూ రమ్మంది. మాస్టారు పిల్లను ఇంగ్లీషులో తన గురించి చెప్పమన్నాడు. పిచ్చుక చెప్పింది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు వెనక్కి జరిగారు. మాస్టారు రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఇది ఇంగ్లీషా, వేలం పాటా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా. ఈ గొంతుతో వెళ్తే గుమ్మంలోంచే పంపించేస్తారు. నేను తీసుకోలేను, నా బ్యాచ్ చెడిపోతుంది."

"నోరు తెరిస్తేనే కదా మాస్టారూ, మంచిదో కాదో తెలిసేది!" అంది అక్క. "మీ బ్యాచ్‌ని జాగ్రత్తగా దాచుకోండి. గాలి తగిలితే వాడిపోతారు."

మెట్లు దిగుతూ పిచ్చుక ముక్కు తుడుచుకుంది. అక్క దాని భుజం మీద చెయ్యి వేసి, "నన్నూ బడిలో గొంతు తగ్గించమనే బయట నిలబెట్టేవారు. తగ్గించడం చేతకాక మానేశా. నువ్వు మానేశావో, తంతా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది.

మర్నాడు చదువు మరలో మొదలైంది. బడి టీచరమ్మ పాత ఇంగ్లీషు పాఠాలు ఇచ్చి, సాయంత్రాలు అర్థాలు చెప్పి పంపేది. బిగ్గరగా చదవడం మాత్రం మర దగ్గర.

ఆ మరకు ముందునుంచీ ఒక పద్ధతి ఉంది. పిండి మెత్తగా కావాలో బరకగా కావాలో గుమ్మంలోంచి అరిచి చెప్పాలి. అక్కకు వినపడకపోతే కుడి చెయ్యి నిటారుగా పైకెత్తుతుంది. అంటే మాట మరలో పడిపోయింది, మళ్లీ చెప్పు అని. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు. నోట్లో గొణిగి ఊరుకున్నవాళ్లకు బరకపిండే రాసిపెట్టి ఉంటుంది. ఇంగ్లీషుకూ అదే పద్ధతి పెట్టింది అక్క. తను తొట్టి దగ్గర గింజలు పోస్తూ ఉంటుంది, పిచ్చుక గుమ్మం దగ్గర నిలబడి పాఠం చదువుతుంది. అక్కకు ఇంగ్లీషులో అక్షరం ముక్క రాదు. వినపడిందా లేదా అన్నది మాత్రం ఆమెకు తెలుస్తుంది కదా. మాట తోక చివర్లో జారిపోయిందంటే చెయ్యి లేచేది.

మొదట్లో ఆ చెయ్యి దిగితే ఒట్టు.

"చెయ్యి దించత్తా! ఒక్క ముక్కయినా పూర్తి చేయనీ!"

"నువ్వు పూర్తిగా పలుకు, నేను పూర్తిగా దించుతా!"

వరసలో నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా? గోధుమల డబ్బా పట్టుకుని వచ్చే తాతయ్య ఒకాయన, వినపడినా సరే, సరదాకి చెయ్యెత్తేవాడు. పిచ్చుక నేల మీద కాలు కొట్టి మళ్లీ చదివేది. వాళ్లే ప్రశ్నలు వేసేవాళ్లు, వచ్చీరాని ఇంగ్లీషులో, మీ అత్త ఏం చేస్తుందని. పిచ్చుక ఒకరోజు విమానం నడుపుతుందని చెప్పేది, ఒకరోజు సింహాలకు పళ్లు తోముతుందని చెప్పేది. తాతయ్య పగలబడి నవ్వేవాడు, అర్థమై కాదు, పక్కవాళ్లు నవ్వారని. సముద్రం ఒడ్డున దీపస్తంభం గురించిన పాఠం ఒకటి ఉండేది. గోడ అవతల బట్ట కత్తిరిస్తూనే నాకు కంఠతా వచ్చేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా అక్క ముందు ఊదిన పిల్లకి ఊదడం బాగా వచ్చింది. రానురాను చెయ్యి లేవడం తగ్గిపోయింది.

రాత పరీక్షలో పిచ్చుక నెగ్గింది. ఆ సంగతి తెలిసి మాస్టారు మర దాకా వచ్చాడు, పిండి అంటకుండా పంచె ఎత్తిపట్టుకున్నట్టు ప్యాంటు ఎత్తిపట్టుకుని.

"రాతలో గట్టెక్కింది సరే. మాటలో మునుగుతుంది. ఈ కాస్త రోజులైనా మర ఆపి, మెల్లగా మాట్లాడించండి" అని వెళ్లిపోయాడు.

"అక్కా, మనిషి మంచివాడు కాకపోయినా మాటలో అబద్ధం లేదేమో" అన్నాను నేను. అక్క నా వైపు చూసి, వెళ్లి మోటారు ఆపేసింది.

పట్టపగలు మర ఆగేసరికి ఎవరో పోయారనుకుని జనం బయటికి వచ్చారు. పిచ్చుక గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి దీపస్తంభం పాఠం మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే తడబడింది. ఏనాడూ తప్పని చోట తప్పింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. పుస్తకం మూసేసి, "అత్తా, నా ఇంగ్లీషు ఎటో పోయింది" అని బావురుమంది. పాపం, అది ఇంగ్లీషు నేర్చుకున్నదే అరుపులో. ఆ అరుపు తీసేస్తే మాటకు నిలబడే చోటు లేదు.

అక్క వెళ్లి మీట వేసింది. బెల్టు కదిలింది. "ఇప్పుడు చదువు" అని అరిచింది. పిచ్చుక కళ్లు తుడుచుకుని గడగడా చదివేసింది.

"అదిగో, ఎక్కడికీ పోలేదు. వాళ్ల చెవుల కోసం మన మాట వదులుకుంటామా? వెళ్లు, నీ గొంతుతోనే వెళ్లు. పంపించేస్తే పంపించేయనీ. గొణిగి ఓడిపోయి మాత్రం నా ముందుకి రాకు!"

ఆ మాట అన్నంత తేలిగ్గా లేదని నాకు తెలుసు. మరదలు ఫ్యాక్టరీలో అడిగి ఉంచిన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

పెద్ద హైస్కూలు ఆవరణలో తాడు కట్టి పెద్దవాళ్లందరినీ దాని ఇవతల నిలబెట్టారు. తాడుకు ఎదురుగా పొడుగాటి వసారా, ఆ వసారాలో పిల్లల్ని మాట్లాడించే గది, దాని కిటికీ తెరిచి ఉంది. అక్కడ అందరూ చావింట్లో ఉన్నట్టు గుసగుసలాడుతున్నారు. మాస్టారు తన బ్యాచ్‌తో వచ్చాడు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు, ఒక్కరి మాట కూడా బయటికి వినపడలేదు.

పిచ్చుక వెళ్లింది. వినపడింది. ఏదో నది గురించిన పాఠం, మొదటి వాక్యానికే తాడు దగ్గర అందరూ తలలు తిప్పారు. మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. రెండో వాక్యం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏమైందే? ఆపేసిందా? నాకే వినపట్లేదా?" అంది అక్క.

"తగ్గించమన్నట్టున్నారక్కా."

లోపల ఆ పిల్ల ఏం చేస్తోందో నాకు కళ్లకు కట్టింది. మర ఆపిన రోజులాగే మాటలు వెతుక్కుంటూ నిలబడి ఉంటుంది. అక్క జనాన్ని తోసుకుంటూ తాడు దగ్గరికి వెళ్లింది. కుడి చెయ్యి నిటారుగా పైకెత్తింది.

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్, సైగలు చేస్తున్నావా? పిల్లని బయటికి పంపించేస్తారు, చెయ్యి దించు!"

"సైగా? నాకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు నాయనా, ఏం సైగ చెయ్యను?" అక్కకు మర గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. ఆవరణంతా మోగింది. "వినపడలేదు అంటున్నా! వినపడలేదని చెప్పడం కూడా కాపీయేనా?"

కిటికీలో కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ ప్రత్యక్షమైంది. పరీక్ష పెట్టేవాళ్లలో పెద్దావిడ. ఎత్తిన చేతిని చూసింది. కిటికీ మూసేస్తుంది, మా పని అయిపోయింది అనుకున్నాను. ఏమైతే అయింది, మునిగితే ఇద్దరం మునుగుదామని నేనూ చెయ్యెత్తి అక్క పక్కన నిలబడ్డాను. వాచ్‌మన్‌కు ఎవర్ని ఆపాలో తెలియలేదు.

ఆవిడ వెనక్కి తిరిగి లోపల ఏదో అడిగింది. అప్పుడు వచ్చింది పిచ్చుక గొంతు, ఇంగ్లీషులో, పూర్తి గొంతుతో. ఏమందో తర్వాత తనే చెప్పింది: "మేడమ్, ఆమె మా అత్త. మా మరలో మాట వినపడకపోతే చెయ్యెత్తుతారు. అప్పుడు మొదటినుంచీ చెప్పాలి. మీకు కూడా ఏదైనా వినపడకపోతే చెయ్యెత్తండి, మళ్లీ చెప్తాను."

మొదటినుంచీ చదివింది. నది కొండలు దిగింది, వంతెనలు దాటింది, సముద్రంలో కలిసింది. ఒక్క మాట తోక కూడా జారలేదు. లోపల ఎవరూ చెయ్యెత్తలేదు. పాఠం అయిపోయాక అక్క చెయ్యి దించి, నొప్పిపుట్టిన భుజం రుద్దుకుంది. వాచ్‌మన్ తాడు పట్టుకుని వింటూ నిలబడ్డాడు. మరలో రోజూ ఇలాగే చదువుతావా అని పెద్దావిడ అడిగిందట. లేదు మేడమ్, అక్కడ ఇంకా గట్టిగా చదువుతాను అందట మా పిచ్చుక.

సీటు వచ్చింది. ఆ వారంలోనే మలుపులో మేడకు పెద్ద గుడ్డ బ్యానర్ వేలాడింది. మాస్టారి పేరు పెద్దక్షరాల్లో, కింద సీటు వచ్చిన పిల్లల ఫొటోలు, వాటిలో పిచ్చుక ఫొటో కూడా! నేను చూసి పళ్లు కొరుక్కుంటూ వచ్చి అక్కకు చెప్పాను. అక్క మర ఆపలేదు. "ఆయన్ని ఒకసారి రమ్మను" అంది.

మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి, వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టే ఏదో అన్నాడు. మన వీధి పిల్ల కదా, నేనూ సలహా చెప్పాను కదా అని కాబోలు. అక్క గింజలు పోస్తూ చెయ్యెత్తింది.

ఆయన మళ్లీ చెప్పాడు. చెయ్యి దిగలేదు. గోధుమల డబ్బా తాతయ్య చెయ్యెత్తాడు. వరసలో ఉన్నవాళ్లందరూ ఎత్తారు. గోడ అవతలనుంచి వచ్చి నేనూ ఎత్తాను. మాస్టారు గొంతు సవరించుకున్నాడు, ఇంకాస్త పెంచాడు. చేతులు అలాగే ఉన్నాయి. చివరికి మొహం ఎర్రగా చేసుకుని, వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

"సరేనమ్మా! ఆ పిల్లని నేనే వద్దన్నాను! బ్యానర్ దించేస్తాను!"

అక్క చెయ్యి దించింది. "ఇప్పుడు వినపడింది మాస్టారూ" అంది.

బ్యానర్ ఆ సాయంత్రమే దిగింది. గట్టి గుడ్డ, పారేయడం ఎందుకని అడిగి తెచ్చుకున్నాను. మరలోంచి డబ్బాలోకి పిండి పడడానికి గుడ్డ గొట్టం ఒకటి ఉంటుంది, ఆ గొట్టాలు కుట్టేది నేనే. పాతది చిరిగిపోయింది. పిచ్చుక ఫొటో కత్తిరించి మరదలికిచ్చి, మిగతా గుడ్డతో కొత్తది కుట్టాను. మాస్టారి పేరున్న వైపు లోపలికి వచ్చేలా కుట్టాను.