పెట్రోలులో తమ్ముడి సగం

మా తమ్ముడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానబెడతాడు. పద్నాలుగేళ్లు ఆ పొడి పీల్చి కూడబెట్టిన డబ్బుతో విమానం నడిపే లైసెన్సు తెచ్చుకున్నాడు. విమానమంటే నాలుగు సీట్లది, క్లబ్బులో గంటల లెక్కన అద్దెకిచ్చేది. "పిల్లనిచ్చేవాళ్లు అడిగితే ఏం చెప్పమంటావురా, గాల్లో తిరుగుతాడనా?" అని దెప్పేదాన్ని. "ఉన్నమాటే చెప్పక్కా" అని నవ్వేవాడు.

ఆ లైసెన్సుకో మడి ఉంది. పక్కన మనిషిని ఎక్కించుకోవచ్చు గానీ కూలి పుచ్చుకోకూడదు. పెట్రోలు, అద్దె ఇద్దరుంటే చెరిసగం. నడిపేవాడి సగం నడిపేవాడే కట్టాలి. ఒకసారి ఎక్కిన బడిపంతులు దిగుతూ కొత్త చొక్కా చేతిలో పెడితే, ఆయన ఎక్కిన ఆటో వెనక పరుగెత్తి మరీ తిరిగిచ్చాడు.

"చొక్కా కూడా కూలేనట్రా, వెర్రివాడా?"

"ఎందుకిచ్చారన్నదే లెక్క అక్కా."

ఇలాంటివాడి జోలికి ఆ కలప వ్యాపారి ఎందుకు రావాలి? మావారు ఆయన దగ్గరే లారీ నడుపుతారు. కొండల అవతల డిపోకి రోడ్డు మీద రోజంతా పడుతుందని ఆయనగారి కన్ను మా వాడి విమానం మీద పడింది. "ఖర్చంతా నాది. నువ్వు ఊరికే నడుపు, ఎగిరిన గంటలు నీ లైసెన్సు లెక్కలో కలిసొస్తాయి" అన్నాడు.

"ఆ గంటలే కూలి సార్. ఒక గంట ఎగరాలంటే నాకు నెల జీతం కావాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడు మా వాడు.

అక్కడితో ఆగాల్సింది. నేనే ఆగనివ్వలేదు. "మీ బావ పొట్ట కొట్టకురా" అని చెవిలో జోరీగలా పోరాను. చివరికి, "నాకూ ఆ కొండలు పైనుంచి చూడాలనే ఉందిలే. కానీ సగం నాదే, నెలాఖరుకి నేనే కడతాను" అన్నాడు. వెళ్లొచ్చాడు. ఆ నెలంతా బస్సెక్కకుండా దుకాణానికి నడిచాడు. నేను బస్సు డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

సరిగ్గా అప్పుడే వ్యాపారి నన్ను పిలిచి కవరిచ్చాడు. "మీ తమ్ముడు మొండివాడమ్మా. అతని సగం క్లబ్బులో కట్టెయ్యండి. చెప్పకండి." గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, ఆ గొర్రెను నేనే. కట్టాను. కట్టి ఊరుకున్నానా? రేపు ఎవరూ నన్ను అనకూడదని, "వ్యాపారిగారి తరఫున" అని గుమాస్తా చేత రసీదులో దగ్గరుండి రాయించాను. నా నిజాయితీ తగలబడ!

వారం తిరక్కుండా ఏటా వచ్చే తనిఖీ అధికారి క్లబ్బుకొచ్చాడు. రసీదు దొరికింది. మా ఇద్దరినీ పిలిపించాడు. కింద నా సంతకం చూసేదాకా తమ్ముడికి సంగతే తెలియదు.

"వాడు చొక్కా తిరిగిచ్చినవాడండీ!" అని అరిచాను.

"చొక్కా సంగతి నేనడగలేదమ్మా" అని, అధికారి వాడివైపు తిరిగాడు. "మీకు తెలియకుండా జరిగిందని రాసివ్వండి. మిమ్మల్ని వదిలేస్తాను. ఆ వ్యాపారికి నోటీసు పంపుతాను."

కాగితం, కలం వాడి ముందుకు నెట్టాడు. తమ్ముడు వాటిని ముట్టుకోలేదు.

"మా ఇంట్లో ఒకరు కడితే అందరం కట్టినట్టే సార్."

లైసెన్సు లాగేసుకున్నారు. మళ్లీ కావాలంటే మొదటి పరీక్ష నుంచి మొదలుపెట్టాలట. అక్కడినుంచే వ్యాపారికి ఫోన్ చేశాను. "అయ్యో, పోన్లెండమ్మా, నేను వేరే విమానం మాట్లాడుకుంటాలే" అన్నాడు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, కాకపోతే ఆయన ఫోన్ పెట్టేశాక.

మిగిలిన కోపం క్లబ్బు మెట్ల దగ్గర తమ్ముడి మీద వెళ్లగక్కాను. "నాకు తెలియదని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందిరా? చేతులారా నోట్లో మన్ను కొట్టుకున్నావు కదరా!"

"నోటీసు వెళ్తే బావ ఉద్యోగం ఉండేదా?"

వాడు రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్లలో వాడు నన్ను కోపంగా చూడటం అదే మొదలు.

"ఇంకెప్పుడూ నన్నడక్కుండా నాకు మేలు చెయ్యకు అక్కా."