కుడి మూలన రాసిన వేళ

2019 జూన్ 16, ఆదివారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలకు నిజామాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాల మొదటి అంతస్తులో హాల్ సూపరింటెండెంట్‌గా సంతకం చేశాను. అది ఎంఎఫ్ఏ ప్రవేశపరీక్ష. ఆ పూట డ్రాయింగ్ ప్రాక్టికల్. అభ్యర్థులు ఇరవై నలుగురు, వ్యవధి పది నుంచి ఒంటిగంట. అప్పటికి ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ టీచరుగా నాకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో పదకొండేళ్లు బోధన్‌లో గడిచాయి.

ఈ చదువుల సంగతి తెలియని వారికోసం కొంత చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన నాటికి పదో తరగతి, లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు, వాటిపైన వేసవిలో ఇచ్చే టీటీసీ శిక్షణ ఉంటే బడిలో బొమ్మలు నేర్పడానికి సరిపోయేది. తరువాత చాలా చోట్ల నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే లలితకళల డిగ్రీ, అడగసాగారు. కళాశాలలో బోధించాలంటే ఆపైన రెండేళ్ల ఎంఎఫ్ఏ కావాలి. ప్రతి మెట్టూ ఎక్కేవారికి ఒక కొత్త ప్రవేశపరీక్ష.

హాలు జాబితాలో పదిహేడో పేరు నస్రీన్. బోధన్‌లో ఆరు నుంచి పది దాకా నా దగ్గరే చదువుకున్న అమ్మాయి. తండ్రి సైన్‌బోర్డులు రాసేవాడు; చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు ట్రాలీలకు నంబర్లు కూడా ఆయన చేతి రాతే. నస్రీన్ బీఎఫ్ఏ చేసి, బోధన్ దగ్గర ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ పాఠశాలలో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆ ఏడు యాజమాన్యం ఒక షరతు పెట్టింది. జూలై ఆఖరులోగా ఎంఎఫ్ఏ సీటు పత్రం చూపినవారికి రెండేళ్ల సెలవు, తిరిగి వచ్చాక పర్మనెంటు పోస్టు. చూపలేనివారికి కాంట్రాక్టు పొడిగింపు లేదు.

నా విద్యార్థిని హాల్లో ఉన్నదని చీఫ్ సూపరింటెండెంట్‌కు ముందే తెలియజేశాను. ఆయన ఆ కళాశాల ప్రిన్సిపాల్. నవ్వి, "ఈ జిల్లాల బొమ్మలేసేటోళ్లల్ల మీ దగ్గర నేర్వనోళ్లెవరున్నరు మేడం? గట్ల సూస్తె నాకు హాలుకు మనిషే దొరకదు" అన్నారు.

9.50కి సూచనలు చదివి వినిపించాను. కాగితం వెనుక గడిలో మాత్రమే హాల్‌టికెట్ నంబరు రాయాలి. దానిపై కాగితం అతికించి మూసేస్తాం. బొమ్మ వైపు పేరు, సంతకం, తేదీ, గుర్తు, ఏదీ ఉండరాదు. ఉంటే ఆ కాగితం మూల్యాంకనానికి వెళ్లదు. చివరి గంట మోగాక పెన్సిల్ గాని రబ్బరు గాని ఎవరూ ముట్టరాదు.

ఎదుట బల్ల మీద ఇత్తడి బిందె, పసుపు కొమ్ముల గంప, మడత పెట్టిన గొంగడి అమర్చాం. మూడు గంటలూ హాల్లో పెన్సిళ్ల చప్పుడు తప్ప మరొకటి వినపడలేదు. హాలు డైరీలో అరగంటకొకసారి రాశాను. చివరగా కిటికీ దగ్గర నిలబడి రాసింది ఇది: "12.50. హాలు ప్రశాంతం."

ఒంటిగంటకు గంట మోగింది. కాగితాలు వరుసగా తీసుకుంటూ ముందు వైపు పరిశీలించడం నా పని. నాలుగో కాగితం నవీపేట నుంచి వచ్చిన సాయిలుది. పై అంచున చిన్న "శ్రీ" ఉంది. దాన్ని విడిగా తీసి నివేదిక రాయడం మొదలుపెట్టాను.

"గది నా పేరు గాదు మేడం, దేవుని పేరు. కొత్త కాయితం మీద శ్రీ పెట్టకుంటె మా అవ్వ ఊకోదు" అన్నాడతను.

"ఎవరి పేరైనా గుర్తు గుర్తే" అన్నాను. చీఫ్‌ను పిలిపించి సంతకం చేయించాను. తన సంతకం కోసం సాయిలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇదంతా అయ్యేసరికి 1.09. వెంటనే ఐదో కాగితం అందుకున్నాను.

1.16కి పదిహేడో కాగితం తీసుకున్నాను. హాలు మొత్తంలో అంత మంచి బొమ్మ లేదు. గొంగడి ముతకదనం వేలికి తగులుతుందనిపించింది. కుడి అడుగు మూలన, గోరంత అక్షరాలతో, పెన్సిల్‌తో రాసి ఉంది: "న. 16-6-19, 12.50".

ఆ రాత పద్ధతి నాది. బొమ్మ పూర్తయిన తేదీ, వేళ కుడి మూలన రాయని పిల్లలకు నేను మార్కులు తగ్గించేదాన్ని. ఏడో తరగతిలో ఒకసారి మరచిపోయినందుకు నస్రీన్‌కు రెండు మార్కులు కోశాను. ఆ సంగతి నా డైరీలో ఉంది.

నస్రీన్ నా ముఖం చూసి, నా వేలు ఉన్నచోటు చూసింది. "మీరు సదివింది ఇన్న టీచర్" అంది. "చెయ్యి ఇనలే."

చీఫ్ దగ్గరికి వచ్చి కాగితం చూశారు. "పెన్సిలే గద మేడం" అని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నా చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న చిన్న సంచిలో రబ్బరు ఉంది. ఎన్నడూ లేకుండా ఉండదు.

మాట్లాడింది ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉన్న సాయిలు. "తుడిస్తె రెండు తుడువుండ్రి మేడం. లేకుంటె రెండు పోనియ్యిండ్రి. నేనైతె ఎవ్వలికి చెప్ప."

న్యాయమైన మాట. చేయి సంచిలోకి పోయింది కూడా. అప్పుడు తోచింది: అతని "శ్రీ"ని ఇప్పుడు తుడిస్తే అది అతని కోసం కాదు, నస్రీన్ కోసం. కాసేపటి క్రితం అతను ఒంటరిగా అడిగినప్పుడు నాకు రబ్బరు గుర్తుకే రాలేదు. రెండో నివేదిక రాశాను. వేళ 1.24. నస్రీన్ సంతకం చేసి, అలవాటుగా పక్కన తేదీ వేయబోయి, ఆగింది.

"నాకు నేర్పింది మీరే గద టీచర్" అంది. నిందగా అనలేదు. ఆ కాగితాన్ని సాయిలు కాగితం పక్కన పెట్టి, పద్దెనిమిదోది అందుకున్నాను.

జూలై 31న ఆమె కాంట్రాక్టు ముగిసింది. మరుసటి ఏడు ఆమె పరీక్ష రాయలేదు. కారణం నేను అడగలేదు. ఇప్పుడు బోధన్‌లో ఇంటి దగ్గరే లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లలను తయారు చేస్తోంది. తేదీని కాగితం వెనుక రాయిస్తోందట. సాయిలు రెండో ప్రయత్నంలో సీటు తెచ్చుకున్నాడు.

తరువాత నేను రెండేళ్లు సర్వీసులో ఉన్నాను. పరీక్ష డ్యూటీ పడిన ప్రతిసారీ చివరి గంటకు పది నిమిషాల ముందు వరుసల మధ్య నడిచి, "మూలలు చూసుకోండి" అని అందరికీ చెప్పాను. ఆ మాట చెప్పకూడదని నియమాల్లో ఎప్పుడూ లేదు. ఆ రోజు 12.50కి నేను డైరీ రాయడం మాని నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది. నియమం చదివి వినిపించాక పని అయిపోయిందనుకోవడం నా పొరపాటు. సాయిలు కాగితం దగ్గర తొణకకపోవడం అంతకన్నా పెద్దది.

పోయినవి: రెండు కాగితాలు, సాయిలుకు ఒక ఏడాది, నస్రీన్‌కు ఆరేళ్ల ఉద్యోగం, రావలసిన పోస్టు. మిగిలినవి: మూల్యాంకనానికి వెళ్లిన ఇరవై రెండు కాగితాలు, "హాలు ప్రశాంతం" అన్న నా రాత, ఆ రోజు బయటికి తీయని రబ్బరు.